పేషెంటు తాలూకు ఎవరు?

(ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో హౌస్ సర్జన్లకు, నర్సింగ్ విద్యార్థినులకు ఒక సీనియర్ గైనకాలజిస్టు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నర్సింగ్ అమ్మాయిలూ, మీరు కూడా రండి. ఈ మాటలు డాక్టర్లకే అనుకోవద్దు, సగం మీకోసమే.

నన్ను ‘రోగి స్వయం నిర్ణయాధికారం’ గురించి మాట్లాడమన్నారు. పెద్ద మాట. మీరు అటానమీ అని చదువుకుని ఉంటారు, ఫోరెన్సిక్ పేపర్లో షార్ట్ నోటు కూడా రాసి ఉంటారు. నేను ఆ మాట దగ్గర మొదలుపెట్టను. మీరు రోజూ వినే ఇంకో మాట దగ్గర మొదలుపెడతాను. థియేటర్ తలుపు తెరుచుకుంటుంది. సిస్టరో, హౌస్ సర్జనో తల బయటపెట్టి ఒక కేక వేస్తారు. ఏమని? చెప్పండి. ఆ, అదే. ‘పేషెంటు తాలూకు ఎవరు?’

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ కేక వింటున్నాను. నేనూ వేశాను. తాలూకువాళ్ళు పరుగెత్తుకొస్తారు. వాళ్ళకి చెప్తాం, వాళ్ళు సంతకం పెడతారు, వాళ్ళు ఊ అంటే మనం మొదలుపెడతాం. మరి పేషెంటో? అక్కడే స్ట్రెచర్ మీద మెలకువగానే ఉంటుంది. మనల్నే చూస్తూ ఉంటుంది. ఆమెకి నోరుంది, చెవులున్నాయి, ఓటుంది, బ్యాంకులో ఖాతా ఉంది. అయినా ఆమె ఒంటి గురించి ఆమెతో తప్ప అందరితోనూ మాట్లాడతాం. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. ముందు పేషెంటుతో మాట్లాడండి. తాలూకువాళ్ళతో తర్వాత.

ఒక సంగతి చెప్తాను. నేను పల్నాడు వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులు. జనవరి చివర. ఓపీ కిటకిటలాడుతోంది. ముప్ఫై అయిదేళ్ళ ఆమె ఒకామె వచ్చింది. వెంట భర్త, అత్తగారు. ప్లాస్టిక్ కవర్లో స్కానింగ్ కాగితాలు. ఆమె స్టూలు మీద కూర్చుంది, వాళ్ళిద్దరూ చెరోపక్కన నిలబడ్డారు. ‘ఏమ్మా, ఏంటి బాధ?’ అన్నాను. అత్తగారు అందుకుంది. ‘నెలనెలా పది రోజులు అవుతావుందమ్మా, నడుం నొప్పంటది, తెల్లబట్ట కూడా.’ ‘ఎన్నాళ్ళ నుంచి?’ అన్నాను. భర్త అందుకున్నాడు. ‘రెండేళ్ళ నుంచండి. ప్రైవేటులో చూపించాం. గర్భసంచి తీసెయ్యాలన్నారు, ఉంచితే క్యాన్సర్‌లోకి దిగుద్దన్నారు. పిల్లలు ఎటూ చాలు కదండి. ఇక్కడైతే డబ్బులు కలిసొస్తాయని వచ్చాం.’

చూడండి, రెండు ప్రశ్నలు అడిగాను. రెండింటికీ జవాబులొచ్చాయి. ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకింకా తెలియదు.

స్కాన్ చూశాను. చిన్న ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో వచ్చే క్యాన్సర్ కాని గడ్డ, రెండు సెంటీమీటర్లు కూడా లేదు. హిమోగ్లోబిన్ 8. పరీక్ష చేయాలి రామ్మా అని ఆమెను ఒక్కదాన్నే తెర వెనక్కి తీసుకెళ్ళాను. బీపీ పట్టీ చేతికి చుడుతూ అడిగాను. ‘ఆపరేషన్ అంటున్నారు కదా మీవాళ్ళు, దాని గురించి నువ్వేమైనా అడగాలనుకుంటున్నావా?’ కాసేపు పలకలేదు. పట్టీలో గాలి పోయేదాకా నేనూ ఊరుకున్నాను. అప్పుడు అడిగింది. ‘తీపిచ్చుకుంటే మిరపకోతకి ఎన్నాళ్ళు పోగూడదమ్మా?’

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ ప్రశ్న లేదు. రక్తం పోవచ్చు, చీము పట్టొచ్చు, మూత్రాశయానికి దెబ్బ తగలొచ్చు, ఇవన్నీ చెప్పడం నాకు వచ్చు. నిద్రలో లేపినా చెప్తాను. కానీ ఆమె లెక్క వేరు. జనవరి నుంచి కోతలు. ఇంటికి ఏడాదిలో గట్టిగా కూలి డబ్బులొచ్చేది ఆ మూడు నెలల్లోనే. మిరపకోత అంటే తెల్లారినప్పటి నుంచి నడుం వంచి ఉండటం, సాయంత్రానికి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోయడం. పొట్ట కోసి గర్భసంచి తీశాక ఆరు వారాలు బరువెత్తకూడదు, వంగకూడదు. అంటే ఈ ఏటి కోతలు పోయినట్టే. ఆ మాట ప్రైవేటు డాక్టరు చెప్పలేదు. ఆమె అడగకపోతే నేనూ చెప్పేదాన్ని కాదు. ‘ఇంకేమైనా దారి ఉందామ్మా?’ అంది. ఉందన్నాను. రక్తం తగ్గడానికి బిళ్ళలు, ఒంట్లో రక్తం పట్టడానికి బిళ్ళలు, మూడు నెలలు చూడొచ్చు. తగ్గకపోతే, ఎక్కువైతే, వెంటనే రావాలి. క్యాన్సర్ అనుమానం తీరడానికి పరీక్ష చేద్దాం, చిన్న పుల్లతో తీస్తాం, నొప్పి పెద్దగా ఉండదు అన్నాను. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈ వయసులోనే ముట్లాగిపోయి ఒంట్లోంచి ఆవిర్లు రావడం, ఎముకలు సత్తువ తగ్గడం, అదీ చెప్పాను. అంతా కలిపి ఏడెనిమిది నిమిషాలు.

తెర తీసి బయటికొచ్చాక ఆమె అత్తగారితో ఒక్క మాటే అంది. ‘కోతలయ్యాక చూద్దాంలే అత్తా. బిళ్ళలిస్తారంట.’ ఏప్రిల్‌లో మళ్ళీ వచ్చింది. హిమోగ్లోబిన్ పది దాటింది. పరీక్షలో అనుమానించాల్సిందేమీ రాలేదు. నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ గర్భసంచి ఆమె దగ్గరే ఉంది.

ఇది ఒక్క ఆమె కథ అయితే మీ సమయం తీసుకునేదాన్ని కాదు. 2015-16లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు, కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. తెలంగాణలో 8 మందికి దగ్గర. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. మన ఆడవాళ్ళ గర్భసంచులకే ప్రత్యేకంగా జబ్బు వచ్చిందా? వాతావరణంలో ఏమైనా ఉందా? లేదు. ఎన్ని ఆపరేషన్లు అవసరమో, ఎన్ని కావో నేను ఇక్కడ నిలబడి తేల్చలేను. కానీ ‘ఉంచితే క్యాన్సర్’ అన్న ఒక్క మాటతో ఎంతమంది ఒప్పుకున్నారో నా ఓపీలో నేను విన్నాను. భయపెట్టి ఊ అనిపించుకుంటే దాన్ని సమ్మతి అంటారా? 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద దాఖలైన కేసులో, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

కోర్టు మాట వచ్చింది కాబట్టి ఇంకో తీర్పు గురించి చెప్తాను. మీరు పరీక్ష కోసం చదివి మర్చిపోయి ఉంటారు, సమీరా కోహ్లీ కేసు. నేను మాత్రం థియేటర్‌లోకి వెళ్ళే ప్రతిసారీ గుర్తు చేసుకుంటాను. 1995 మే నెల, ఢిల్లీ. నలభై నాలుగేళ్ళ పెళ్ళి కాని స్త్రీ. ఎడతెగని రక్తస్రావం. అసలు కారణం ఏంటో తెలుసుకోవడానికి ల్యాప్రోస్కోపీ, అంటే పొట్టకి చిన్న రంధ్రం పెట్టి గొట్టంతో లోపల చూసే పరీక్ష, చేస్తామన్నారు. ఆమె దానికి సంతకం పెట్టింది. మత్తిచ్చారు. లోపల చూస్తే ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరిగే జబ్బు. డాక్టర్లకి గర్భసంచి, అండాశయాలు తీసేస్తే మంచిదనిపించింది. అప్పుడేం చేశారు? ఒకరు థియేటర్ బయటికొచ్చి, అక్కడ కూర్చున్న ఆమె తల్లిని అడిగారు. పెద్దావిడ సరేనంది. తీసేశారు.

అర్థమైందా? ‘పేషెంటు తాలూకు ఎవరు?’ అదే కేక.

ఆ కేసు తేలేసరికి 2008 జనవరి వచ్చింది. డాక్టర్ల వాదన ఏంటంటే, జబ్బు ఉన్నది నిజం, చేసిన ఆపరేషన్ సరైనదే, మళ్ళీ మత్తు, మళ్ళీ కోత, మళ్ళీ ఖర్చు లేకుండా చూశాం. ఈ వాదన మనలో చాలామందికి సబబుగానే వినిపిస్తుంది. నాకూ మొదటిసారి చదివినప్పుడు అలాగే అనిపించింది. వాళ్ళు దురుద్దేశంతో చేశారని కోర్టు కూడా అనలేదు. కానీ ఏమంది? పరీక్షకి ఇచ్చిన సమ్మతి చికిత్సకి సమ్మతి కాదు. ఒక ఆపరేషన్‌కి ఇచ్చింది ఇంకోదానికి చెల్లదు. అప్పటికప్పుడు చెయ్యకపోతే ప్రాణం పోతుందంటే తప్ప, మత్తులో ఉన్న మనిషి లేచేదాకా ఆగాల్సిందే. ఆమె మేజరు, మతి స్థిమితంగా ఉన్న మనిషి. ఆమె బదులు తల్లి కూడా ఊ అనడానికి వీల్లేదు. డాక్టర్లకి ఫీజు రాదని, పైగా 25,000 రూపాయలు పరిహారం ఇవ్వమని చెప్పింది. డబ్బు చిన్నదే. మాట చిన్నది కాదు.

ఇంకా ఏం చెప్పాలో కూడా ఆ తీర్పులోనే ఉంది. చేసేదేంటి, ఎందుకు, దానివల్ల లాభమేంటి, వేరే దారులున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేంటి, వద్దనుకుంటే ఏమవుతుంది. లక్షలో ఒకరికి వచ్చే చిక్కులన్నీ ఏకరువు పెట్టి బెదరగొట్టక్కర్లేదని కూడా అదే తీర్పు చెప్పింది. మీలో కొందరికి ఉన్న టెన్షన్ ఇదే కదా, ‘అన్నీ చెప్తే పారిపోతారు మేడం’ అని? అన్నీ కాదు, చెప్పాల్సినవి చెప్పండి.

ప్రాణం మీదికొచ్చినప్పుడు సంగతి వేరు. రోడ్డు మీద పడి స్పృహ లేని మనిషిని తెస్తే సంతకం కోసం ఎవరినీ వెతక్కండి, పని మొదలుపెట్టండి. అత్యవసరంలో ప్రతి డాక్టరూ వైద్యం చేసి తీరాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఇందులో ఎవరికీ సందేహం వద్దు.

ఇప్పుడు మన గడ్డ మీదే జరిగిన ఇంకోటి. 2009 జులై, ఉమ్మడి ఖమ్మం జిల్లా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే ఒక అధ్యయన కార్యక్రమం. దాదాపు 14,000 మంది పిల్లలు. చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. ముందే చెప్తున్నాను, ఆ టీకా మంచిది. నేను నా మేనకోడళ్ళకి వేయించాను, మీరూ మీ ఇళ్ళలో వేయించండి. ఆ సమయంలో కొందరు పిల్లలు చనిపోయారు, పెద్ద గొడవైంది, విచారణ సంఘం ఆ మరణాలకి టీకాతో సంబంధం కనిపించలేదనే చెప్పింది. కార్యక్రమాన్ని 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

మరి తప్పెక్కడ? కాగితాల్లో. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. ఆ తల్లిదండ్రులు ఎక్కడున్నారు? కొండ మీదా? కోయగూడెంలోనా? ఎక్కడున్నా ఉన్నారు కదా. సెలవులకి పిల్లలు ఇంటికి వెళ్తారు కదా. ఒక్కసారి ఊళ్ళోకి వెళ్ళి, వాళ్ళ భాషలో కూర్చుని చెప్పి ఉంటే ఎంత పని? మంచి టీకానే కదా, అడగడం దేనికి అనుకున్నారు. మంచిదే కాబట్టి అడగాలి. అడగకుండా వేసినందువల్ల ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ టీకా పేరెత్తితేనే మన ఊళ్ళల్లో జనం అనుమానంగా చూశారు.

ఇందాక మీకందరికీ ఒక కాగితం పంచారు. తీసి చూడండి. మన ఆసుపత్రిది కాదులెండి, ఎక్కడిదైనా ఇలాగే ఉంటుంది. జిరాక్సుకి జిరాక్సు. అక్షరాలు ఒక పక్కకి వాలిపోయాయి. ఇంగ్లీషు. ‘ఆపరేషన్ పేరు’ అన్నచోట గీత, గీత మీద ఏమీ లేదు. కింద సంతకం దగ్గర పెన్సిల్‌తో ఇంటూ గుర్తు. ఆ గుర్తు ఎవరు పెట్టారు? మన సిస్టరే పెట్టి ఉంటుంది, తొందరలో, ఇరవై కేస్ షీట్లు ముందేసుకుని. ‘ఇక్కడ పెట్టమ్మా.’ ఆమె పెడుతుంది. లేదంటే బొటనవేలికి ఇంకు పూసి మనమే అద్దుతాం. ఆ బొటనవేలికి ఏం తెలుసు?

1995లో వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. ఆ తర్వాత మన ఆసుపత్రుల్లో సంతకాలు పెరిగాయి. మాటలు పెరగలేదు. సంతకం మనల్ని కాపాడుతుందని అనుకున్నాం. ఖాళీ కాగితం మీద తీసుకున్న సంతకం ఎవరినీ కాపాడదు, మనల్ని కూడా. ఇంకోటి కూడా చెప్తాను. కేస్ షీటు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే ఉంది. అడిగినవాళ్ళని కేసు వేసేవాళ్ళలా చూడొద్దు. అందులో ఉన్నది వాళ్ళ ఒంటి సంగతే.

నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు, కానీ దానికోసమే అసలు ఇవాళ వచ్చాను.

ఒక రిటైర్డ్ టీచరు గారు. అరవై ఆరేళ్ళు. భర్త లేరు. పొట్ట ఉబ్బిందని వచ్చారు. పరీక్షలు చేస్తే అండాశయ క్యాన్సర్, అప్పటికే బాగా ముదిరింది, పొట్టంతా నీరు. కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. నా గదిలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ‘అమ్మకి చెప్పకండి మేడం. తట్టుకోలేదు.’ అతను చెడ్డవాడు కాదు. తల్లంటే ప్రాణం. నేను ఒప్పుకున్నాను. ఎంత సులువుగా ఒప్పుకున్నానో తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. టీచరు గారితో ఏమన్నానంటే, ‘ఇన్ఫెక్షన్ వల్ల నీరు చేరిందండి, నీరు తీసి సెలైన్లు పెడదాం’ అన్నాను. కీమోని సెలైన్ అన్నాను. ఆరు వారాలు.

ఒక సాయంత్రం రౌండ్స్‌కి వెళ్ళాను. టీచరు గారు ఆయాని బయటికి పంపి, ‘తలుపు దగ్గరగా వెయ్యి అమ్మాయీ’ అన్నారు. వేశాను. ‘నాకేం జబ్బో మొదటి సెలైన్ రోజునే తెలిసింది. పక్క మంచం ఆవిడ చెప్పింది. మావాడి ముందు తెలియనట్టు ఉంటున్నాను. వాడు నా ముందు ఏమీ లేనట్టు ఉంటున్నాడు. నీ ముందూ అలాగే ఉన్నాను. ఇంక నాకు ఓపిక లేదమ్మా. ఎన్నాళ్ళుంది?’

చెప్పాను. ఆవిడ ఏడవలేదు. కాసేపు పైకి చూసి, చెల్లెలి సంగతి చెప్పారు. ఆ చెల్లెలికి ఎవరూ లేరు. తన పొదుపులో కొంత ఆమెకి చెందాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు, బ్యాంకులో నామినీ మార్చాలి. ‘ఆరు వారాల కిందట నా కాళ్ళ మీద నేను బ్యాంకుకి వెళ్ళేదాన్ని’ అన్నారు. అంతే. అంతకు మించి నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు ఫారం తెప్పించాం. పరుపు మీద అట్ట పెట్టి ఇచ్చాను. ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలు రాసిన చెయ్యి. పేరులో మూడో అక్షరం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ రాత్రి తల్లీకొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ తర్వాత ఆవిడ నాలుగు వారాలు ఉన్నారు.

తట్టుకోలేదని మనం ఎవరి గురించి అంటాం? భర్తని పోగొట్టుకుని, ఇద్దరు పిల్లల్ని చదివించి, ఇల్లు కట్టి, ముప్ఫై ఏళ్ళు ఊరి పిల్లలందర్నీ దారిలో పెట్టిన మనిషిని గురించి. ఆమెకా తట్టుకునే శక్తి లేనిది? తట్టుకోలేనిది కొడుకు. ఆ మాటకొస్తే నేను. ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్పడం నాకు కష్టం కాబట్టి కొడుకు అడగ్గానే ఒప్పుకున్నాను.

అప్పటి నుంచి నేను చేసే పని ఇది. రిపోర్టులు రాకముందే పేషెంటుని అడుగుతాను. ‘రేపు రిపోర్టులొచ్చాక ఉన్నదున్నట్టు మీకే చెప్పమంటారా, మీ ఇంట్లో ఎవరికైనా చెప్పమంటారా?’ కొందరు ‘మావాడికి చెప్పండమ్మా, నాకొద్దు’ అంటారు. సరే. వద్దనుకోవడం కూడా ఆమె హక్కే, బలవంతంగా చెవిలో పొయ్యక్కర్లేదు. కానీ ఆ మాట ఆమె నోటితో రావాలి, కొడుకు నోటితో కాదు. కొడుకులకి కూడా ముందే చెప్తాను. ‘ఆమె అడక్కపోతే నేను చెప్పను బాబూ. అడిగితే దాచను.’ ఇద్దరు ముగ్గురు నామీద కోపంతో పేషెంటుని వేరే చోటికి తీసుకెళ్ళారు కూడా.

మీలో ఒకబ్బాయి చెయ్యెత్తాడు, చెప్పు నాన్నా. ...ఆ, మంచి ప్రశ్న. అందరికీ వినపడేలా నేను చెప్తాను. ‘మేడం, మనం అడిగితే వాళ్ళు, మీ ఇష్టం డాక్టర్ గారూ, మీరెలా అంటే అలాగే అంటారు కదా, అప్పుడేం చెయ్యాలి?’ అంటున్నాడు. నిజమే. నూటికి ఎనభై మంది అదే అంటారు. ఆ మాటలో నమ్మకం ఉంది, దాన్ని తోసెయ్యొద్దు. అటానమీ అంటే, ఇదిగో మూడు ఆప్షన్లు, తేల్చుకుని రండి అని బల్ల మీద పడేసి పక్క పేషెంటుని పిలవడం కాదు. కొత్తగా కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఈ పద్ధతి చూస్తున్నాను. జబ్బుతో బెదిరిపోయి ఉన్న మనిషిని ఒంటరిగా వదిలెయ్యడం అది. మన అభిప్రాయం మనం చెప్పాలి. ‘నాకైతే ఇది మంచిదనిపిస్తోంది, ఎందుకంటే ఇదీ’ అని చెప్పాలి. ‘మీ అమ్మగారికైతే ఏం చేస్తారు?’ అని అడుగుతారు చూడండి, అది వట్టి మాట కాదు. నిజంగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న. చెప్పండి. చెప్పి, ‘మా అమ్మ సంగతి వేరు, మీకు ఇందులో ఏది ఇబ్బంది?’ అని తిరిగి అడగండి. అప్పుడు వస్తుంది మిరపకోత.

టైము లేదంటారు. ఓపీలో నూట ఇరవై మంది, ఒంటిగంటకి ఓపీ కట్టెయ్యాలి, నాకు తెలియదా? అందుకే ఒక చిన్న కిటుకు చెప్తాను. చెప్పిందంతా అయ్యాక ‘అర్థమైందా?’ అని అడక్కండి. అడిగితే తలూపుతారు, ఎవరైనా తలూపుతారు. ‘ఇంటికెళ్ళాక మీ అమ్మ అడిగితే ఏం చెప్తావు?’ అని అడగండి. ఆమె తన మాటల్లో చెప్తుంది. అక్కడ తెలిసిపోతుంది మనం ఏం చెప్పామో. ఒకసారి సిజేరియన్ గురించి అంతా చెప్పి ఇలాగే అడిగితే, ‘పెద్దాపరేషన్ చేసి గర్భసంచి కూడా తీసేస్తారంట’ అంది ఒక అమ్మాయి. తొలి కాన్పు, ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. అడక్కపోతే ఆ భయంతోనే థియేటర్‌లోకి వచ్చి ఉండేది.

లేబర్ రూమ్ గురించి ఎక్కువ చెప్పను, మీకే తెలుసు. నొప్పులు పడుతున్న మనిషి మీద అరుస్తాం, తొడ మీద కొడతాం, చెప్పకుండా కోత పెడతాం. కాన్పు కాగానే చెప్పకుండా, మళ్ళీ గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్-టీ పెట్టడం కూడా చూశాను. ఏడాది తర్వాత రక్తం ఎక్కువవుతోందని ఒకామె వస్తే పరీక్ష చేస్తూ దారం చూపించాను. తన ఒంట్లో అలాంటిదొకటి ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఆమె మొహం మీరు చూసి ఉండాల్సింది.

మొగుడి సంతకం గురించి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి వచ్చినా, గర్భం తీయించుకోవడానికి వచ్చినా మొదట అడిగేది ‘మీ ఆయన వచ్చాడా?’ అని. గర్భం తీయించుకోవడం గురించిన 1971 చట్టం ప్రకారం పద్దెనిమిది నిండిన స్త్రీ తన సమ్మతి తానే ఇవ్వొచ్చు, అదొక్కటీ చాలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి కూడా భర్త సంతకం అక్కర్లేదని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా సంతకం లేదని వెనక్కి పంపుతున్నాం. అలా పంపినామె ఎక్కడికి వెళ్తుంది? ఆలోచించండి. నర్సింగ్ అమ్మాయిలూ, కౌంటర్ దగ్గర మొదట కనపడేది మీరే. ఆ మాట మీ దగ్గరే ఆగిపోవాలి.

ఇంక వద్దనే హక్కు. మనకి అన్నిటికంటే కష్టమైంది ఇదే. మనం చెప్పింది మంచిదే, ఆమె వద్దంది. లామా, అంటే డాక్టరు సలహా కాదని వెళ్ళిపోయారు అని రాసి, పెద్ద సంతకం తీసుకుని, మొహం తిప్పేసుకుంటాం. డిశ్చార్జ్ కాగితం ఇవ్వం, మందులు రాయం, ‘మళ్ళీ మా దగ్గరికి రావద్దు’ అంటాం. ఎందుకంత కోపం? వద్దన్నది చికిత్సని, మనల్ని కాదు. వద్దన్నా కాగితం ఇవ్వండి, నొప్పికి మందు రాయండి, ఏం కనపడితే వెంటనే పరుగెత్తుకు రావాలో చెప్పండి. తలుపు తీసే ఉంచండి. నా అనుభవంలో అలా వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు, తిట్టి పంపినవాళ్ళు మాత్రం ఆలస్యంగా వచ్చారు.

చివరి రోజుల్లో వెంటిలేటర్ మీద పెట్టొద్దని ముందే రాసిపెట్టుకునే హక్కుని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మొదట మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, 2023లో దాన్ని సులువు చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. నేను నాది రాసుకున్నాను. మా అమ్మాయికి చదివి వినిపించాను. అది ఒక పూట ఏడ్చింది, తర్వాత సాక్షుల్ని వెతికిపెట్టింది.

సరే, నా మాటలు చాలు. మీ చేతిలో ఆ కాగితం ఉంది కదా. మన వార్డు ఆయా గారు వచ్చారు, ఇలా ముందుకొచ్చి కూర్చోండమ్మా. కుర్చీలోనే కూర్చోండి, కింద కాదు. ఈమెకి గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలనుకోండి. ఆ ఫారంలో ఉన్నది ఈమెకి చెప్పాలి. ఇంగ్లీషులో చదవకూడదు. ఈమె పక్కన ఎవరూ లేరు, మీరు కేక వేసి పిలవడానికి తాలూకువాళ్ళు లేరు. అమ్మా, మీకు అర్థం కానిచోట ఆపి అడగండి, మొహమాటపడొద్దు. ఆ, వచ్చే వారం మీ మనవరాలి ఫంక్షన్ ఉందన్నారు కదా పొద్దున, అది కూడా అడగండి. ఎవరు ముందొస్తారు? ఇందాక ప్రశ్న అడిగావు కదా నాన్నా, నువ్వే రా. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చో. ముందు పేరడుగు.